ప్రేమలత మేడం పంపని మెయిలు

నవంబర్ 4, సోమవారం

నేటి యుద్ధ వార్తలు. పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా మా మందుల ఫ్యాక్టరీ మెయిల్ సర్వర్ మీదికి దండెత్తి వచ్చిన దొంగ మెయిళ్లు: నాలుగు వేల పదకొండు. సర్వర్ రక్షకుడనైన నేను, అనగా శ్రావణ్‌కుమార్, బీటెక్, పట్టుకొని చెత్తడబ్బాల వేసినవి: నాలుగు వేల పది.

తప్పించుకున్న ఆ ఒక్కదాని పుణ్యమా అని ఈ డైరీ తెరిచిన. పంపుల కంపెనీవాళ్లు జనవరిల ఇచ్చింది. ఇప్పటిదాకా ఇండ్ల ఒక్క అక్షరం లేదు. నా జీవితం అంత ప్రశాంతంగ ఉండె.

తొమ్మిది నలభైకి ఆ మెయిలు మూడు వందల నలభై మంది స్టాఫ్‌కు, మా మందులు కొనే జర్మనీ పార్టీకి, ఇంకో డజను దేశాల పార్టీలకు ఒక్కసారే చేరింది. పంపినవారు: ప్రేమలత, క్వాలిటీ హెడ్. విషయం: మీ పడకగదిలో మళ్లీ పులి గాండ్రించాలా? మూడు రోజుల్ల ఫలితం. గోప్యంగా ఇంటికే పంపబడును.

ప్రేమలత మేడంకు యాభై ఒకటి. ఇక్కడ ఇరవై రెండేండ్ల సర్వీసు. ఆమె సంతకం లేకుంట ఒక్క డ్రమ్ము గేటు దాటదు. ఆమె నవ్వినట్టు కంపెనీల ఎక్కడా రికార్డు లేదు.

నేను మాత్రం నవ్విన. నాకోసమే రాస్కుంటున్న గద, అబద్ధమెందుకు. కుర్చీల కెళ్లి కిందికి జారి నవ్విన. క్యాంటీన్ల ఒకడు "మేడం దగ్గర శాంపిల్ దొరుకుతదా అన్నా?" అంటే ఉప్మా ముక్కులకెక్కింది.

పదకొండింటికి మేడం సర్వర్ రూంకు వచ్చింది. ప్రింటు కాయితాన్ని ఒక మూలకు రెండు వేళ్లతోటి పట్టుకున్నది.

"శ్రావణ్, ఇది నేను పంపలే."

"తెలుసు మేడం."

"నీకు తెలుసుడు కాదు. ఎట్ల తెలుసో చెప్పు."

చెప్పిన. మెయిల్ మీద పంపినవాళ్ల పేరంటే కవరు వెనకాల రాసే ఫ్రం అడ్రససొంటిది, ఎవరన్నా ఏ పేరన్నా రాయొచ్చు. మీ అడ్రసు మన ప్రతి డ్రమ్ము సర్టిఫికెట్ మీద అచ్చై ఉంటది, ఎవడో ఏరుకున్నడు. కానీ దారిల ఒక్కో సర్వర్ ఒక్కో ముద్ర గుద్దుతది. ఈ మెయిల్ ముద్రలన్నీ ఏదో దేశంల మొదలైనయి. మన సర్వర్ కెళ్లి బయటికి పోనే లేదు.

ఆమె అంతా విని ఒక్కటే అడిగింది.

"మన పేరు పెట్టుకొని బయట నుంచి వచ్చే మెయిల్‌ని ఆపే రూలు ఉండాలె గద?"

"ఉంది మేడం. ఉండె. మొన్న అప్‌డేట్ వచ్చింది. దాంతోటి పోయుంటది."

అప్‌డేట్ వల్లే.

నవంబర్ 5, మంగళవారం

హెచ్చార్ మేనేజర్ సునీల్‌కుమార్ సార్ పిలిచిండు. జర్మనీ పార్టీ సంజాయిషీ అడిగిందట. పదిహేనో తారీకు లోపల కావాలట. 'మా సిస్టం ఫెయిలైంది' అంటే మన పరువు పోతది, 'బాధ్యులను తీసేసినం' అంటే ఒక్క లైన్ల ముగుస్తది అన్నడు.

"సార్, మేడం పంపలే. ముద్రలు చూపిస్త."

"ముద్రలు నాకెందుకయ్యా? పైన పేరెవరిది?"

"సార్, రేపు ఎవడో మీ ఫొటో ఉన్న కార్డు మెడల ఏసుకొని గేటు కాడికొస్తే, వాడు మీరైతడా?"

"గేటు కాడ సెక్యూరిటీ లింగం ఉన్నడు, మెడ పట్టి గెంటుతడు. మెయిల్ గేటు కాడ ఎవరున్నరు?"

ఇది మంచి ప్రశ్న. ఇసొంటి మంచి ప్రశ్నలు హెచ్చార్‌వాళ్లు అడగొద్దు.

పన్నెండో తారీకు ఎంక్వైరీ. అందాక మేడం ఇంటికాడనే ఉండాలె. సంతకాలు బంద్.

నవంబర్ 6, బుధవారం

అప్‌డేట్ వల్లే. అప్‌డేట్లతోటి రూల్స్ పోతయని నెట్‌ల గూడ మస్తు మంది రాసిన్రు. ఇద్దరు రాసిన్రు.

నవంబర్ 7, గురువారం

పద్నాలుగు బ్యాచులు సంతకం లేక ఆగిపోయినయి. మేడం బీరువా మీద ఎవడో పులి బొమ్మ అతికించిండు. ఎవరూ చూడకుంట చింపిన. అనగా ధైర్యంగా చింపిన, కానీ ఎవరూ లేనప్పుడు. చరిత్రకారులు మొదటి సగం రాసుకుంటే చాలు.

మొదటి రోజు నవ్వింది నేనే గద, పులిని మాత్రం ఎందుకు చింపిన అని టీ తాగుకుంట ఆలోచించిన. టీ బాగుండె.

నవంబర్ 8, శుక్రవారం

డ్యూటీ దిగినంక సునీల్‌కుమార్ సార్ తన కార్ల ఇస్నాపూర్ దాకా తోల్కపోయిండు. నా కిరాయి రూం కాడ దింపుతడనుకున్న. హోటల్ కాడ ఆపిండు. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. బిస్కెట్లు నాలుగు. మనిషికి రెండు గాదు, నాకే నాలుగు. అప్పుడే అనుమానం రావాలె నాకు.

"ఎవరు ఏం మార్చిన్రో ఉండే పాత లాగ్ సర్వర్ అమ్మినోళ్లతోటి తీయించిన" అన్నడు. "ఆగస్టు పదహారు. పదకొండు గంటల పన్నెండు నిమిషాలు. రూల్ తీసేసింది ఎవరు? శ్రావణ్‌కుమార్."

బిస్కెట్ చాయ్‌ల మునిగిపోయింది. తీయలె.

"పరేషాన్ గాకు. లాగ్ల నీ పేరుంది గానీ, ఎవరు చెప్తే తీసినవో కాయితం లేదు. రాసుకుందాం." బ్యాగుల కెళ్లి మార్పు ఫారం తీసిండు. ఫ్యాక్టరీల ఏ మిషన్ల ఏ స్క్రూ మార్చినా ముందుగాల ఈ ఫారం నింపాలె. నేను నింపలే. "ఆగస్టు తారీకు వేయి. 'మార్పు కోరినవారు' అన్న కాడ ప్రేమలత అని రాయి. ఆమె ఎట్లనూ పోయేదే. నువ్వు సీనియర్ అడ్మిన్ అయితవు."

"రాయకుంటే?"

"లాగ్ల నీ పేరొక్కటే మిగుల్తది. బిస్కెట్ తిను."

ఆలోచిస్త అని చెప్పిన.

సరే. ఇక్కడ నేను, పంపుల కంపెనీ డైరీ తప్ప ఎవరూ లేరు. అప్‌డేట్ ఏదీ రాలే.

మా ఛైర్మన్ వెంకటరమణమ్మ గారికి డెబ్భై నాలుగు. వారు రోజూ తెల్లవారంగనే తమ ట్యాబ్‌ల కెళ్లి తొమ్మిది వందల మందికి సుప్రభాతం మెయిల్ పంపుతరు. తామర పువ్వు విచ్చుకుంటది, అండ్లకెళ్లి లక్ష్మీదేవి వస్తది, కింద శ్లోకం. దాన్ని పంపేది ఏదో గ్రీటింగుల కంపెనీ, పైన ఉండేది మా కంపెనీ అడ్రసు. అనగా, మన పేరు పెట్టుకొని బయట నుంచి వచ్చే మెయిల్. నా రూలు తన ధర్మం తాను పాటించింది. వరలక్ష్మీ వ్రతం నాడు ఫోన్ మోగింది.

"బాబూ, లక్ష్మీదేవిని చెత్తబుట్టలో వేశావట?"

ఈ ప్రశ్నకు బీటెక్ సిలబస్‌ల జవాబు లేదు.

ఆ గ్రీటింగుల కంపెనీ ఒక్కదానికే తలుపు తీయొచ్చు. అరగంట పని. కానీ ఆనాడు క్యాంటీన్ల పులిహోర, లేటైతే అడుగంటిందే దొరుకుతది. మొత్తం రూలే తీసేసిన. రెండు నిమిషాలు. బయటి సర్వర్లకు గూడ చెప్పేసిన, మా పేరు మీద ఎక్కడి నుంచి ఏది వచ్చినా రానియ్యండి అని.

పులిహోర వేడిగనే దొరికింది.

నవంబర్ 9, శనివారం

ఆలోచిస్తున్న. 'సీనియర్ అడ్మిన్' అని కాయితం మీద రాసి చూసిన. బాగనే ఉంది. చింపేసిన.

నవంబర్ 10, ఆదివారం

బొంతపల్లి కెళ్లి అమ్మ ఫోన్. "ఈరభద్రుని గుడికి పోయొచ్చిన, నీ పేరు మీద గూడ మొక్కిన, నౌకరి ఎట్లున్నది బిడ్డా?" "ఉన్నది అమ్మా." ఇది అబద్ధం గాదు. ఈ వారం దాకా నిజం.

ఫోన్ పెట్టేసి ఇంద్రేశం బస్సెక్కిన.

కొత్త లేఅవుట్ల ప్రేమలత మేడం ఇల్లు. పొయ్యేసరికి పచ్చడి జాడీలకు చీటీలు అతికిస్తున్నది. నిమ్మకాయ. తయారు చేసిన తేదీ. పరిశీలించినవారు: ప్రేమలత. ఇంట్ల గూడ ఆమె సంతకం లేకుంట ఏదీ బయటికి పోదు.

రొట్టె పెట్టింది. తినుకుంట కూర్చున్న. జాడీలు లెక్కపెట్టిన.

"మా ఆడబిడ్డ కొడుకు ఫోన్ చేసిండు శ్రావణ్" అన్నది, చీటీ మీద చూపు తీయకుంట. "పులి బాగున్నదా అత్తా అని నవ్విండు. నా చేతుల మీద పెరిగినోడు."

"నేను గూడ నవ్విన మేడం. సోమవారం."

"తెలుసు. గోడ అవతలికి వినబడ్డది."

ఇగ ఆగలే. ఆగస్టు పదహారు, లక్ష్మీదేవి, పులిహోర, ఇస్నాపూర్ హోటల్, నాలుగు బిస్కెట్లు అన్నీ చెప్పేసిన. కోపం చేస్తదనుకున్న. ఏడుస్తదేమో అని గూడ అనుకున్న. ఆమె కండ్లద్దాలు తీసి కొంగుతోటి తుడుచుకున్నది.

"రాసినవా?"

"ఏంది మేడం?"

"ఇప్పుడు చెప్పింది. రాసినవా?"

"లేదు."

"అయితే ఇంకా చెప్పనట్టే."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్న. ఈసారి గోడ గూడ లేదు.

"ఫారం నింపు. నింపిన నాటి తారీకే వేయి, వెనక తారీకు వేయకు. మా రిజిస్టర్ల నంబరు తీసుకో. నంబరు పడ్డంక ఆ కాయితాన్ని ఎవరు మాయం చేసినా అక్కడ ఖాళీ కనబడ్తది. ఆడిటర్లు వచ్చుడు వచ్చుడే ఖాళీలనే ఎతుకుతరు."

"మిమ్మల్ని కాపాడుత మేడం" అన్న. గొంతు జెర గంభీరంగనే వచ్చింది.

"నన్ను కాపాడేతందుకు రాస్తే అండ్ల అవసరం లేని మాటలన్నీ వస్తయి. ఏం జరిగిందో రాయి. రొట్టె ఇంకోటి ఏసుకో."

రూంకొచ్చినంక చేసిన పని: నాలుగో తారీకు, ఆరో తారీకు పేజీలల్ల 'అప్‌డేట్ వల్లే' అన్న కాడల్లా ఒక్కొక్క గీత కొట్టిన. మేడం ట్రైనింగ్‌ల నేర్పినట్టే, ఒకటే గీత. కింద అక్షరాలు కనబడాలె. పక్కన సంతకం, ఇయ్యాల్టి తారీకు. కారణం: అబద్ధం.

నవంబర్ 11, సోమవారం

క్వాలిటీ రూంల రిజిస్టర్ చూసే నిషితను నంబరు అడిగిన. "దేనికన్నా?" అన్నది. "నా మీద నాకే ఫిర్యాదు" అన్న. పెన్ను మూత తీస్కుంట తీస్కుంట రెండుసార్లు నా దిక్కు చూసింది.

నూట పదిహేడు.

మార్పు చేసినవారు: శ్రావణ్‌కుమార్. మార్పు కోరినవారు: ఛైర్మన్ వెంకటరమణమ్మ గారు, నోటి మాటగా. రాతపూర్వక అనుమతి: లేదు. అవసరానికి మించి ఎందుకు తీసేశారు: పులిహోర. చివరి మాట మీద ఒక గీత కొట్టి 'నిర్లక్ష్యం' అని రాసిన. కింద పులిహోర కనబడ్తనే ఉన్నది.

నవంబర్ 12, మంగళవారం

ఎంక్వైరీ. బల్లకు అటు ఛైర్మన్ మేడం, సునీల్‌కుమార్ సార్. ఇటు ప్రేమలత మేడం, ఇస్త్రీ చీర, చేతుల పెన్ను. సాక్షిని నేను. సార్ నా దిక్కు చూసి జెర నవ్విండు, బిస్కెట్ల నమ్మకం.

"ప్రేమలతగారూ, మీ పేరుతో వచ్చిన మెయిలు మీది కాదంటారు. అదెలా?" అన్నరు ఛైర్మన్ మేడం.

"ఛైర్మన్ మేడం, రెండు నిమిషాలు టైం ఇయ్యండి, చూపిస్త" అని ల్యాప్‌టాప్ తెరిచిన.

సునీల్‌కుమార్ సార్ ఫోన్ టింగుమన్నది. చూసిండు. లేచి నిలబడి ఛైర్మన్ మేడంకు చేతులు జోడించిండు.

"తప్పకుండా మేడం. ఇయ్యాల్టి సందే."

"ఏమిటయ్యా తప్పకుండా?"

"ఉపవాసం మేడం. మీరే గద ఇప్పుడు మెయిల్ పెట్టింది, ప్రతి మంగళవారం ఉపవాసం ఉండమని."

ఛైర్మన్ మేడం ట్యాబ్ బ్యాగుల్నే ఉన్నది. చేతులు రెండూ బల్ల మీద ఉన్నయి. సార్ ఆ చేతుల దిక్కు చూసిండు, ఫోన్ దిక్కు చూసిండు, నా ల్యాప్‌టాప్ దిక్కు చూసిండు. పక్కన కూసున్న మనిషిని నమ్మలే, మెయిల్ మీది పేరును నమ్మిండు. ఇంతకన్న మంచి సాక్ష్యం నేను సర్వర్ల ఎతికినా దొరకదు.

నా ఆనందం పది సెకండ్లు నిలిచింది.

"చూసిన్రా మేడం!" సార్ బల్ల గుద్దిండు. "దొంగ మెయిల్ పంపుడు వీనికొచ్చు! ఆ పులి మెయిల్ పంపింది గూడ వీడే! ఇద్దరూ కలిసే చేసిన్రు!"

తెలివితేటలకు గిట్ల గూడ శిక్ష పడ్తదని నేను అనుకోలె. కాయితం తీసి బల్ల మీద పెట్టిన.

"పులి మెయిల్ పంపింది నేను గాదు. దానికి తలుపు తీసింది నేనే. ఎట్ల తీసిన్నో, ఎవరు అడిగితే తీసిన్నో అండ్ల ఉన్నది. మొన్న శుక్రవారం సార్ నన్ను అండ్ల ప్రేమలత మేడం పేరు రాయమన్నడు. రాయలే."

ఛైర్మన్ మేడం మొత్తం చదివిన్రు. మెల్లగ చదివిన్రు.

"అంటే నా లక్ష్మీదేవి వల్లే ఈ బూతు మెయిల్ వచ్చిందంటావా?"

"లక్ష్మీదేవి వల్ల కాదండి. అమ్మవారికి తలుపు తీయమంటే నేను గోడ తీసేసిన. మీరు నోటితోటి చెప్పిన్రు, నేను కాయితం అడగలే. భయపడ్డ. ఆకలి గూడ అయింది."

"ఇది చింపేస్తే అయిపోతది మేడం" అన్నడు సార్.

ప్రేమలత మేడం ఎంక్వైరీ మొత్తంల నోరు తెరిచింది అప్పుడే.

"చింపొచ్చు సార్. నంబరు నూట పదిహేడు. నిన్న నిషిత నూట పద్దెనిమిది గూడ ఇచ్చేసింది. నడుమ ఖాళీ ఎందుకున్నదని జర్మనీవాళ్లు అడిగితే మీరే చెప్పండి."

సార్ చింపలే.

నవంబర్ 13, బుధవారం

రూలు మళ్లీ పెట్టిన. ఎవరినీ అడగలే. తెల్లవారుజామున తొమ్మిది వందల లక్ష్మీదేవులు చెత్తడబ్బాల పడ్డరు. తల్లీ, క్షమించు.

నవంబర్ 14, గురువారం

ఎవరూ ఏం అంటలేరు. బట్టలు సర్దుకున్న. మళ్లీ తీసిన. మళ్లీ సర్దుకున్న. తీసేస్తే తీసేయండ్రి, నూట పదిహేడును ఎట్ల తీస్తరో నేనూ చూస్త.

నవంబర్ 15, శుక్రవారం

జర్మనీ పార్టీకి నూట పదిహేడు కాపీనే పోయింది. వేరే ఏది పంపినా రేపు ఆడిట్‌ల దొరికిపోతరట. వాళ్ల జవాబు సాయంత్రానికే వచ్చింది: సరే, కానీ విచారణ పూర్తి చేసి క్వాలిటీ హెడ్ సంతకంతో పంపండి.

క్వాలిటీ హెడ్ ఇంటికాడ జాడీలు చూసుకుంటున్నది. సునీల్‌కుమార్ సార్ స్వయంగ ఫోన్ చేసి రమ్మన్నడట. "నోటి మాట వద్దు సార్, రాసి పంపండి" అన్నదట. రాసి పంపిండు.

నవంబర్ 18, సోమవారం

మేడం వచ్చింది. ఆగిపోయిన బ్యాచులు ఒక్కొక్కటి చూసి సంతకాలు పెట్టింది, రెండు వెనక్కి కొట్టింది. క్యాంటీన్ల ఆమె పళ్లెం పట్టుకొని లైన్ల నిలబడితే శాంపిల్ అడిగినోడు తన జాగ ఇచ్చిండు. ఆమె తీసుకోలే. లైన్లనే నిలబడ్డది.

నన్ను పిలిచింది. నేను, మరి, కొంచెం ఆశపడ్డ. థ్యాంక్స్ అంటే ఏమనాలెనో మెట్ల మీద తయారు చేసుకున్న. 'అదేముంది మేడం' అనా, 'నా ధర్మం' అనా.

నూట పదిహేడు మీద విచారణ ఫలితం చేతుల పెట్టింది. తప్పు చేసిన వ్యక్తి: శ్రావణ్‌కుమార్. తప్పు రకం: తీవ్రం. చర్య: మూడు రోజుల ట్రైనింగ్, పరీక్ష, ఎనభై మార్కులు రాకుంటే మళ్లీ ట్రైనింగ్.

"మేడం, తీవ్రమా?"

"మరి?"

"నేను నిజం చెప్పిన గద!"

"అందుకే నీ పేరు స్పెల్లింగ్ తప్పు లేకుంట రాసిన." కాయితం తిప్పింది. "రెండో పేజీ చూడు. మనిషిని తీసేసుడుతోటి ఈ తప్పు సరిగాదని రాసిన. ట్రైనింగ్ అయ్యేదాక నిన్ను ఎవరూ కదపరాదు. జర్మనీకి గూడ పోయింది ఇది. పో, ట్రైనింగ్ రెండింటికి."

తలుపు దాక పొయ్యినంక వెనకనుంచి పిలిచింది. "శ్రావణ్. పులి బొమ్మ చింపింది నువ్వేనట?"

"అవును మేడం."

"గమ్ అట్లనే ఉన్నది. తడిగుడ్డతోటి తుడువు."

నవంబర్ 20, బుధవారం

పరీక్షల డెబ్భై ఎనిమిది. మళ్లీ ట్రైనింగ్.

నవంబర్ 22, శుక్రవారం

పొద్దున పై అంతస్తు కెళ్లి ఒక కవరు దిగింది. ఛైర్మన్ వెంకటరమణమ్మ గారి మార్పు ఫారం. నీలి సిరా, తెలుగుల, గుండ్రటి అక్షరాలు, స్వహస్తం. కంపెనీ పుట్టినకాడికెళ్లి పై అంతస్తునుంచి రాతల వచ్చిన మొదటి ఆర్డరు ఇదేనని నిషిత రిజిస్టర్ మొత్తం తిప్పి చెప్పింది.

కోరిన మార్పు: నా సుప్రభాతం మెయిళ్లు అందరికీ చేరునట్లు చేయవలెను. కారణం: భక్తి.

ఈసారి తలుపు ఒక్కటే తీస్త, గోడ ముట్టుకోను, అరగంట పని, చేసిపెడ్త అనుకున్న. మనసు గూడ కరిగింది. డెబ్భై నాలుగేండ్ల మనిషి, కూసొని రాసింది. ఫారం మీద ప్రేమలత మేడం సంతకం కోసం తీసుకపోయిన.

మేడం కండ్లద్దాలు పెట్టుకొని పై నుంచి కింది దాక చదివింది. మళ్లీ చదివింది. వెనక పేజీ గూడ తిప్పి చూసింది, అక్కడ ఏం లేకున్నా.

"ఛైర్మన్ మేడం రాసిన్రు" అన్న, ఆమెకు కనబడలేదేమో అని.

"కనబడ్తుంది."

పెన్ను మూత తీసింది. తొందర లేదు. రాసింది, సంతకం పెట్టింది, తారీకు వేసింది, ముద్ర గుద్దింది.

'కారణం చాలదు. రిస్క్ వివరాలు జతచేయలేదు. తిరిగి పంపడమైనది. ప్రేమలత, క్వాలిటీ హెడ్.'

"పైన ఇచ్చిరాపో" అన్నది.

"నేనా మేడం?"

"మెయిల్ పెడితే నేనే పంపిన్నని ఏం నమ్మకం?"

రికార్డు కోసం రాస్తున్న: పన్నెండు గంటల ఐదు నిమిషాలకు ప్రేమలత మేడం నవ్వింది. సాక్షి ఒక్కడే.

క్యాంటీన్ల ఏమున్నదో తెలవదు, అడగలే. పై అంతస్తుకు లిఫ్ట్ ఉన్నది, ఎక్కలే. మెట్ల మీద కూసొని ఇది రాస్తున్న, కాయితం ఒళ్ల ఉన్నది, ఇంకా పంతొమ్మిది మెట్లు. ఇగ లేస్త.